'ఫ్రీ టు ప్లే'కి తెలుగు మాట: ఉచితమా, కొసరా?

మొన్న ఇక్కడ ఒక మాస్టారు 'ఫ్రీ టు ప్లే'ని, అంటే డబ్బు కట్టకుండానే ఆడనిచ్చే వీడియో గేమ్‌ని, 'ఉచిత ఆట' అని రాశారు. తప్పనను గానీ, నాకు ఆ మాట మింగుడుపడలేదు. సంస్కృతంలో ఉచితమంటే తగినది. సముచితం, అనుచితం, ఔచిత్యం అన్నీ ఆ ఇంటివే. తెలుగులో దానికి వెల లేనిదన్న అర్థమూ ఉంది. ఈ ఆటల మీద విమర్శకుల పేచీ అంతా పాత అర్థం చుట్టూనే: డబ్బు అడిగే తీరు ఉచితమేనా అని.

మా విజయనగరం మార్కెట్లో తూకం అయ్యాక అమ్మ "కొసరెయ్యమ్మా" అంటుంది. రెండు పచ్చిమిరపకాయలో, కరివేపాకు రెబ్బో సంచిలో పడతాయి. అసలుకి డబ్బు, కొసరు ఊరికే. ఈ ఆటల్లో బేరం తిరగబడింది: అసలు ఊరికే, కొసరుకి డబ్బు. 2007లో కొనుక్కుని ఆడిన 'టీమ్ ఫోర్ట్రెస్ 2'ని 2011లో ఊరికే ఇచ్చేశారు, ఆటలో పాత్రలు పెట్టుకునే టోపీలకి మాత్రం వెల పెట్టారు. 'డోటా 2'లో ఎంచుకుని ఆడే వీరులందరూ ఊరికే అందుతారు, ముఖ్యంగా అమ్మేది అలంకారాలు. అందుకే దాన్ని న్యాయమైన బేరమన్నారు. 2022లో వచ్చిన 'డయాబ్లో ఇమ్మోర్టల్' కథ వేరు. పోరాటం బాగుందని సమీక్షకులు మెచ్చుకున్నారు, బలం పెంచే రత్నాలను అదృష్టం మీద అమ్మడాన్ని తిట్టారు. సమీక్షల మార్కులు పోగుచేసే మెటాక్రిటిక్ వెబ్‌సైట్లో ఆడినవాళ్లు వేసిన మార్కుల సగటు పదికి ఒకటి కూడా దాటలేదు. బెల్జియం, నెదర్లాండ్స్‌లలో ఆ ఆట విడుదలే కాలేదు. ఆ ఆటలో కొసరు అసలును మింగేసింది.

అందుకని నా ప్రతిపాదన: 'కొసరమ్మే ఆట'.

పలాస నుంచి ఒకరు: మాస్టారూ, వెల కట్టేక అది కొసరెలా అవుద్ది? ఊరికే ఇస్తేనే కొసరు. 'ఎర ఆట' అనండి. మా మేనల్లుడు ఆటలో తుపాకీ రంగుకి వాళ్లమ్మ ఫోన్లోంచి డబ్బు కట్టేసినాడు, ఇంట్లో పెద్ద గొడవైంది.

నా జవాబు: మీ ఇంటి బాధ అర్థమైందండి. కొసరు గురించి మీరు పట్టుకున్న తప్పు కూడా నిజమే. కానీ ఎర అంటే 'డోటా 2'నీ అదే గాటన కట్టినట్టవుతుంది. పైసా పెట్టకుండా ఏళ్ల తరబడి ఆడి, కొన్నవాడితో సమానంగా గెలిచేవాళ్లు అందులో ఉన్నారు.

బొబ్బిలి నుంచి ఇంకొకరు: మరి డబ్బు పెట్టనివాడు ఓడిపోతూనే ఉండే ఆటల్లో వాడిని 'ఆటలో అరటిపండు' అనొచ్చు కదండీ?

నా జవాబు: మంచి మాటే, కానీ ఇక్కడ అతకదు. మనం అరటిపండు అనేది చిన్న గుంటడిని. అవుటైనా అవుటు లెక్క కాదు, ఏడవకుండా ముద్దుగా ఆటలో ఉంచుతాం. ఈ ఆటల్లో డబ్బు పెట్టనివాడి ప్రతి ఓటమీ లెక్కకొస్తుంది. వాడు ఓడితేనే కదా రత్నాలు కొన్నవాడికి గెలుపు. అలాంటివాడికి మన పిల్లల ఆటల్లో పేరుందా అని వారం నుంచీ వెతుకుతున్నాను. పార్వతీపురం, పాలకొండ వైపు పెద్దవాళ్లకి ఏదైనా గుర్తుంటే రాయండి.