మానని పుండుకు కోల్డ్ ప్లాస్మా: పెట్టించాలా, వద్దా?

చిరుదివ్వె: నాన్నకు షుగరు. మడమ మీద పుండు ఏడు నెలలుగా మానడం లేదు. కోల్డ్ ప్లాస్మా పెడదామంటున్నారు డాక్టరు. భయంగా ఉంది.

కట్లనర్సు: భయం వద్దు. ఆర్గాన్ వాయువులోకి విద్యుత్తు పంపితే ఊదారంగు సన్నటి జ్వాల వస్తుంది. అదే ఈ ప్లాస్మా, రక్తంలోని ప్లాస్మా కాదు. చూడ్డానికి మంటే, కానీ తగిలేచోట వేడి 40 డిగ్రీల లోపే. అందులో పుట్టే చురుకైన ఆక్సిజన్, నైట్రోజన్ రూపాలు క్రిములను చంపుతాయి.

తూకంరాయి: 'చల్లని' అన్న మాటే నమ్మకండి. చర్మం బిగించడానికి రెనువియాన్ అనే ప్లాస్మా సాధనం వాడొద్దని 2022 మార్చిలో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మా అక్కకు అలాంటి సాధనంతోనే పొట్ట కాలింది.

కట్లనర్సు: అది హీలియం ప్లాస్మా. చర్మం కిందికి దూర్చి, కణజాలాన్ని వేడిచేసి బిగిస్తారు. పుండుకు వాడేది అది కాదు. ఆ తర్వాత ఎఫ్‌డీఏ దానికీ కొన్ని వాడకాలకు అనుమతిచ్చింది.

తూకంరాయి: పేరు ప్లాస్మాయేగా.

వానచినుకు: పెద్దాయన పుండు సంగతి చెప్పండి ముందు.

తూకంరాయి: చెప్తున్నా. 2020లో ప్రచురించిన జర్మనీ అధ్యయనంలో షుగరు పుండ్లున్న 43 మందిని చూశారు. పుండు వైశాల్యం బాగానే తగ్గింది. ఇన్ఫెక్షన్‌లో మాత్రం తేడా లేదు. మరి క్రిములు చస్తాయన్నారే?

కట్లనర్సు: 2010 నాటి అధ్యయనంలో 36 మందికి రోజూ 5 నిమిషాలు పెడితే ప్లాస్మా పెట్టని పుండ్లలో కంటే బాక్టీరియా 34 శాతం ఎక్కువ తగ్గింది. అయినా పుండు తగ్గాక ఇంకేం కావాలి? మీరెప్పుడైనా కట్టు విప్పారా? ఆ వాసనకు సొంత పిల్లలే బయట నిలబడతారు. రోజూ చూస్తున్నాను నేను.

తూకంరాయి: మా అక్క మచ్చలు నేనూ రోజూ చూస్తున్నాను! కాలే ప్రమాదముందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సంతకం పెట్టమన్నారు, పెట్టింది. నా కోపం యంత్రం మీద కాదు. అడిగే అవకాశమే ఇవ్వలేదు.

కట్లనర్సు: ఆ మాట ముందే అనుంటే ఇంత గొడవ పడేవాళ్లం కాదు. అడగాల్సిందే. చిరుదివ్వె గారూ, కాలికి రక్తం సరిగ్గా అందుతోందో లేదో పరీక్షించారా? చచ్చిన కణజాలం తీస్తున్నారా? మడమ మీద బరువు పడకుండా ప్రత్యేక చెప్పులిచ్చారా? ఇవి లేకుండా ప్లాస్మా ఒక్కటే పెడితే లాభం లేదు.

తూకంరాయి: ఇది ఒప్పుకుంటాను.

చిరుదివ్వె: రక్తప్రసరణ పరీక్ష చేయలేదు. నాన్న ఇంకా పాత చెప్పులతోనే తిరుగుతున్నారు. రేపు ముందుగా ఇవే అడుగుతాను.