ప్రభుత్వ శిలాజాలు భద్రపరిచే అర్హత చిన్న మ్యూజియానికి ఎలా వస్తుంది?

నమస్కారమండీ. అమెరికాలో, వయోమింగ్‌లోని ఒక చిన్న కాలేజీ మ్యూజియంలో పనిచేస్తున్నాను. శిలాజాల రక్షణ కోసం ఇక్కడ తెచ్చిన 2009 చట్టం ప్రకారం ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) భూముల్లో పర్మిట్ మీద తవ్విన శిలాజం ప్రభుత్వానిదే. దాన్నీ, దాని రికార్డులనీ ఆమోదం పొందిన సంస్థలోనే భద్రపరచాలి. ఆ ఆమోదం కోసమే మా ప్రయత్నం.

తాళం పడే ఇనప బీరువాలున్నాయి, తేమ కొలిచే మీటరుంది. టెన్షనంతా పాత డ్రాయర్ల గురించే. నిన్న ఒకటి తెరిస్తే, తాబేలు చిప్ప ముక్క కింద చీటీ మీద పెన్సిల్ రాత సగం చెరిగిపోయి ఉంది. ఎక్కడ దొరికిందో తెలియకపోతే పరిశోధనకు దాని విలువ సగం పోయినట్టే కదా. ప్రాణం ఉసూరుమంది.

ఈ ఆమోదం తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? కేటలాగ్ మొత్తం పూర్తయ్యాకే అడిగారా, పని నడుస్తుండగానే అడిగారా? ఫుల్‌టైమ్ క్యూరేటర్ లేకపోయినా ఒప్పుకుంటారా? దయచేసి మీ అనుభవం చెప్పండి.