‘తస్వీర్’కు తెలుగు మాట ఏది?

అందరికీ నమస్కారం, సలాం. ఫోటోల గురించి, ప్రాణుల చిత్రాల గురించి ఇస్లాం ధర్మశాస్త్రం ఏమంటుందో తెలుగులో రాస్తున్నాను. మూడు రోజులుగా ‘తస్వీర్’ (బొమ్మ చేయడం, చిత్రించడం) అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను.

అరబీలో దీని ధాతువు సాద్, వావ్, రా. రూపమివ్వడం అని మూలార్థం. ‘సూరా’ అంటే రూపం. (ఖుర్ఆన్ అధ్యాయాన్ని కూడా సూరా అనే రాస్తాం గానీ, అరబీలో ఆ అక్షరం వేరు, ఈ అక్షరం వేరు. తెలుగు లిపిలో రెండూ ఒకటైపోతాయి.) ‘ముసవ్విర్’ అంటే రూపమిచ్చేవాడు. ఖుర్ఆన్ 59:24లో ఇది అల్లాహ్ నామాల్లో ఒకటి. 3:6లో ‘తల్లి గర్భంలో మీకు రూపమిచ్చేది ఆయనే’ అన్నచోట కూడా ఇదే క్రియ. మరి బుఖారీ, ముస్లిం అనే ఇద్దరు పండితుల సంకలనాల్లోని హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనం) ప్రళయదినాన అతి కఠినమైన శిక్ష ముసవ్విరులకు అంటుంది! అల్లాహ్‌కు పేరైన మాటే ఇక్కడ దోషికి పేరు. ఎందుకో ఇంకొన్ని హదీసులు చెబుతాయి: వాళ్లు అల్లాహ్ సృష్టికి సాటిగా చేయబోయారు, అందుకే ‘మీరు సృష్టించిన వాటికి ప్రాణం పోయండి’ అని వాళ్లతో అనడం జరుగుతుంది. ‘చిత్రకారులకు శిక్ష’ అని రాస్తే ఈ బంధమంతా తెగిపోతుంది. ప్రస్తుతానికి ‘రూపకర్తలు’ అని రాసుకున్నాను.

రెండో చిక్కు ‘జీవుల చిత్రాలు’ అన్న మాట. చాలా అనువాదాల్లో ఇదే కనబడుతుంది. కానీ చెట్టు జీవి కాదా? బొమ్మలు చేసి బతికే ఒకాయన వచ్చి అడిగినప్పుడు ప్రవక్త సహచరుడు ఇబ్నె అబ్బాస్ (ర) చెప్పింది ఏమిటంటే, తప్పనిసరైతే చెట్లనూ, రూహ్ (ఆత్మ) లేని వాటినీ చెయ్యి అని. డమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదు గోడల మీద 8వ శతాబ్దపు మొజాయిక్‌లలో చెట్లు, నది, భవనాలు ఉంటాయి, మనుషులు గానీ జంతువులు గానీ ఉండవు. ‘జీవులు’ అని రాస్తే తెలుగు పాఠకుడు చెట్టు బొమ్మ కూడా నిషిద్ధమేమో అనుకుంటాడు. ‘ప్రాణులు’ కొంత నయం, ఎందుకంటే వాడుకలో ప్రాణి అంటే మనిషో జంతువో. చెట్టును ప్రాణి అనం. ఉర్దూ వాళ్ల ‘జాందార్’ (ప్రాణమున్నది) కూడా ఇలాగే పనిచేస్తుంది.

ఇక ఫోటో. ఆ విద్య 1839లో పారిస్‌లో లోకానికి వెల్లడైంది. అరబీ దానికి కొత్త మాట పుట్టించకుండా పాత ‘తస్వీర్’నే తగిలించింది. వాదం అక్కడే మొదలైంది. హదీసులో ఉన్న మాట అదే కదా, కాబట్టి అవసరానికి మించి ఫోటో కూడదని సౌదీ ముఫ్తీ (ధర్మశాస్త్ర తీర్పు చెప్పే పండితుడు) ఇబ్నె బాజ్ వంటివారు అన్నారు. పాస్‌పోర్టు, గుర్తింపు కార్డు వంటి వాటికి మినహాయింపు ఇచ్చారు. అంతకు ముందే, 20వ శతాబ్దం తొలినాళ్లలో, ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ ఇది రూపం కల్పించడం కాదు, ‘హబ్స్ అజ్జిల్’ అన్నారు. అంటే నీడను పట్టి ఉంచడం. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మన ‘ఛాయాచిత్రం’లో ఛాయ అంటే నీడే, ప్రతిబింబమే. ఛాయ అని మొదటి సగం అంటుంది, చిత్రమని రెండో సగం అంటుంది. ఆ పండితుల వాదం రెండు వైపులా ఒకే సమాసంలో ఉంది.

మీరు ఏ మాట వాడతారు?

ఒక సభ్యురాలు: బొమ్మ అనొచ్చు కదండీ? గీసినా బొమ్మే, చెక్కినా బొమ్మే, పిల్లలు ఆడుకునేదీ బొమ్మే. ఇంత తేలికైన మాట ఉండగా రూపకర్తలు దేనికి?

జవాబు: నిజమేనండీ, ‘సూరా’కూ ఆ విశాలత ఉంది. కానీ పండితులు విడదీసింది సరిగ్గా అక్కడే. సున్నీ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటైన మాలికీలలో చాలామంది నీడ పడే విగ్రహాన్ని హరామ్ (నిషిద్ధం) అని, బల్లపరుపు చిత్రాన్ని అంత కఠినంగా చూడకుండా మక్రూహ్ (చేయకపోవడమే మేలు) అని అన్నారు. ప్రవక్త భార్య ఆయిషా (ర) చిన్నతనంలో బొమ్మలతో ఆడుకున్నారన్న హదీసును బట్టి ఆట బొమ్మలకు ఎక్కువమంది మినహాయింపు ఇచ్చారు. ఆమె చిత్రాలున్న తెర కడితే ప్రవక్త (స) ఇష్టపడలేదు, దాన్ని కోసి దిండ్లు చేశారు. అన్నింటికీ ఉత్త ‘బొమ్మ’ అని రాస్తే ఈ తేడాలన్నీ కలిసిపోతాయి. గీసిన బొమ్మ, చెక్కిన బొమ్మ, ఆట బొమ్మ అని విడివిడిగా రాస్తాను.

మరో సభ్యుడు: బొమ్మ ‘గీస్తాం’, ఫోటో ‘తీస్తాం’. ఉన్నదాన్నే తీయడం. తెలుగు ముందే తీర్పు చెప్పేసింది.

జవాబు: ఈ క్రియ నాకూ నచ్చింది. కానీ తీర్పు మాత్రం భాష ఇవ్వలేదండీ. గల్ఫ్‌లో ఫోటోను ‘అక్స్’, అంటే ప్రతిబింబం అనే వాడుక ఉంది. అలా అన్నంత మాత్రాన అక్కడ వాదం ఆగలేదు. అద్దంలో నీడ మనిషి తప్పుకోగానే పోతుంది, కాగితం మీది ఫోటో ఉండిపోతుంది కదా అన్నది అవతలివారి ప్రశ్న, అది బలమైన ప్రశ్న. అందుకే పాకిస్తాన్ పండితుడు తఖీ ఉస్మానీ తెర మీది డిజిటల్ బొమ్మ అచ్చయి స్థిరపడేదాకా తస్వీర్ కాదన్నారు. ఆయనదైన దేవ్‌బంద్ (ఉత్తర భారత మదర్సా) సంప్రదాయంలోనే ఇతరులు ఒప్పుకోలేదు. ‘ఫోటో తీయడం’ అనే రాస్తాను గానీ, దాన్ని సాక్ష్యంగా చూపను.

మీ మాటలు విన్నాక నా వాక్యం ఇలా మారింది: “ప్రాణుల బొమ్మలు గీసి, చెక్కి రూపమిచ్చేవారి గురించి హదీసు కఠినంగా హెచ్చరించింది, ఫోటో తీయడం ఆ రూపమివ్వడం కిందికి వస్తుందా రాదా అన్నదానిపై పండితులు ఏకీభవించలేదు.” ‘రూపకర్తలు’ తీసేశాను. ‘రూపమిచ్చేవారు’ చాలు.