అప్‌డేట్: ఏడో నెలలో కన్ను ఎర్రబడిందని అడిగాను కదా

ఎడమ కన్ను ఎర్రబడి నీళ్లు కారుతోంది, వెలుతురు చూడలేకపోతున్నాను, మందు వేసుకుంటే కడుపులో బిడ్డకు ఏమైనా అవుతుందా అని మూడు వారాల కింద అడిగాను. ఆలస్యం చేయకుండా కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) డాక్టర్‌కి చూపించుకోమన్న అక్కలందరికీ దండాలు.

మరునాడే బెంగళూరులోని మారతహళ్లి నుంచి డాక్టర్ దగ్గరికి వెళ్లాం. కంట్లో పసుపు రంగు మందు పెట్టి నీలం లైటులో చూశారు. ఫొటో మాకూ చూపించారు. నల్లగుడ్డు మీద చెట్టు కొమ్మలా చీలికలు చీలికలుగా, కొసల్లో చిన్న బొడిపెలతో, ఆకుపచ్చగా మెరుస్తున్న పుండు. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ అన్నారు, పెదవి మీద పొక్కులు తెప్పించేదే.

నేను చేసిన తప్పు ఒకటుంది. మామూలు కండ్లకలకే అనుకుని మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు రెండు రోజులు వేసుకున్నాను. అందులో స్టెరాయిడ్ ఉంది. ఇలాంటి పుండు మీద స్టెరాయిడ్ ఒక్కటే పడితే వైరస్ ఇంకా పెరుగుతుందని డాక్టర్ గారు చెప్పగానే కాళ్లు వణికాయి. దయచేసి ఎవరూ డాక్టర్‌ని అడగకుండా చుక్కలు వేసుకోకండి.

వైరస్‌ని అణిచే ఎసైక్లోవిర్ కంటి ఆయింట్‌మెంట్ రోజుకు 5 సార్లు రాశారు. గర్భిణులకు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందేనని మా గైనకాలజిస్ట్ మేడమ్ కూడా చెప్పాకే మొదలుపెట్టాను. పదో రోజుకు పుండు మానింది. చిన్న మచ్చ మిగిలింది, చూపు కాస్త మసక. వైరస్ నరంలో దాగి ఉంటుందట, మళ్లీ రావచ్చు. పాపాయి పుట్టాక, పెదవి మీద పొక్కు వస్తే అది మానేదాకా తనని ముద్దు పెట్టుకోవద్దన్నారు. నెల్లూరు నుంచి వచ్చిన అమ్మకి కూడా ఆ మాట రెండుసార్లు చెప్పాను.