ఊరి పాత ఫోటోలు, కాగితాలు: మీ దగ్గర పని ఎలా నడుస్తోంది?

లంకపొలం: మాది కోనసీమలో రాజోలు వైపు. ఊళ్లో పాత ఫోటోలు, కాగితాలు స్కాన్ చేద్దామని నలుగురం కూడాం. ఫోటోలు వస్తున్నాయి, తేదీలే తేలడం లేదు. ఏ మామ్మనడిగినా "అప్పుడెప్పుడోలే" అంటుంది.

గట్టుమీద: సంవత్సరం అడక్కండి, గోదావరి వరద అడగండి. "యాభైమూడు వరదకి ముందా, వెనకా? ఎనభైయారుకి ఈ పెంకుటిల్లు ఉందా?" అంటే మా తాతయ్య టక్కున చెప్తారు. తర్వాతి తరానికి 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి మంటలు, 1996 నవంబరు తుఫాను.

కోటిపల్లిరేవు: మాకు రైలు కూడా పనికొస్తుంది. కాకినాడ–కోటిపల్లి పట్టాలు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకేశారు, మళ్లీ 2004లో గానీ రైలు తిరగలేదు. చిన్నప్పుడు రైలెక్కానన్న పెద్దాయన వయసు ఆధార్ కన్నా ఆ రైలే సరిగ్గా చెప్పింది!

లాకులదగ్గర: 1984లో కరణాల వ్యవస్థ తీసేశాక కొన్ని పాత కాగితాలు వాళ్ల అటకల మీదే ఉండిపోయాయి, అడిగి చూడండి. భూమి కాగితాలు మాత్రం నెట్‌లో పెట్టకండి, చల్లారిన గట్టు తగాదాలు మళ్లీ లేస్తాయి. లామినేషన్ అసలు వద్దు. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫోటోని ఊడబీకకుండా అద్దంతోనే స్కాన్ చేయండి.

లంకపొలం: ఫోటో తీసుకెళ్తామంటే జంకుతున్నారండీ.

గట్టుమీద: తీసుకెళ్లడం దేనికి? వాళ్ల అరుగు మీదే కాపీ తీసి, అక్కడే చేతిలో పెట్టేయండి.

పేటపిల్ల: అందరూ పెద్దిళ్ల అటకల గురించే చెప్తున్నారు. మా పేటలో ఎనభైల దాకా ఫోటో దిగినవాళ్లే తక్కువ. మా దగ్గరున్నవి వేరు: కువైట్, మస్కట్ వెళ్లిన ఆడవాళ్ల పాత పాస్‌పోర్టులు, ఉత్తరాలు, మాటలు రికార్డు చేసి ఊరొచ్చేవాళ్లతో పంపిన క్యాసెట్లు. మా అమ్మమ్మ క్యాసెట్‌లో సేఠ్ ఇంట్లో వంట గురించి కాసేపు, గేదె ఈనిందా, వడ్డీ కట్టారా అని కాసేపు. రాయడం రాని మనిషి. ఆవిడ గురించి ఏ దస్త్రంలోనూ ఇంత ఉండదు.

లంకపొలం: ఇది మాకు తట్టనే లేదు. ఎలా ఎక్కించారు?

పేటపిల్ల: పాత టేప్‌రికార్డర్ బాగుచేయించి, ఇయర్‌ఫోన్ సాకెట్ నుంచి వైరుతో కంప్యూటర్‌కి. బూజు పట్టిన టేపు నేరుగా వేయకండి, హెడ్‌కి అంటుకుని మిగతా క్యాసెట్లకీ పాకుతుంది. వాటిల్లో అప్పులు, ఇంటి గొడవలు ఉంటాయి కాబట్టి మాట్లాడినవాళ్లు ఒప్పుకుంటేనే బయట వినిపించండి. మా అమ్మమ్మ "నేను పోయాక పెట్టుకోండే" అంది. సరే, దాచి ఉంచాం.

లంకపొలం: ఈ ఆదివారం పంచాయతీ ఆఫీసు దగ్గర కాకుండా పేటలోనే కూర్చుంటామండీ. ముందు ఓ టేప్‌రికార్డర్ వెతకాలి.