మేడ మీదికి వచ్చిన వేపచెట్టు: తల కోయించాలా, కొమ్మలు తీయించాలా?

ప్రశ్న (తిరుపతి):
మా ప్రహరీ పక్కన దాదాపు 30 ఏళ్ల వేపచెట్టు ఉంది. దాని రెండు కొమ్మలు పిట్టగోడ దాటి నీళ్ల ట్యాంకు మీదికి వచ్చాయి. కొమ్మలు కొట్టే మనిషిని పిలిస్తే, పది అడుగుల ఎత్తున అడ్డంగా కోసేసి తారు పూస్తే అయిదేళ్లు దాని జోలికి పోనక్కర్లేదన్నాడు. పక్కింటివారు గానుగచెట్టును అలాగే చేయించారు; ఆరు నెలలకే చీపురుకట్టలా ఇగుర్లు వచ్చాయి గనుక చెట్టు బాగుందని వారి నమ్మకం. ఈ పనికి ఒప్పుకున్న పద్ధతి ఏదైనా ఉందా, లేక ఎవరి అలవాటు వారిదేనా?

జవాబు 1:
నేను చెట్ల సంరక్షణ పనిలో ఉన్నవాణ్ణి. పద్ధతి ఉందండీ. అమెరికాలో వృత్తివారు పాటించే ఆన్సీ ఏ300 ప్రమాణం తల కోయడాన్ని ఒప్పుకోదు. ఆ గుబురు ఆరోగ్యానికి గుర్తు కాదు; ఆకంతా పోగొట్టుకున్న చెట్టు, దాచుకున్న పిండిపదార్థం ఖర్చుపెట్టి తిండి సంపాదించుకునే పాట్లు అవి. ఆ ఇగుర్లు బెరడు కింద పైపైనే పుడతాయి, మామూలు కొమ్మలా మానులోకి పాతుకుని ఉండవు గనుక, లావెక్కాక గాలివానకు ముందుగా ఊడిపడేవి అవే.

ఆ రెండు కొమ్మలే తీయించండి. కొమ్మ మానును కలిసేచోట ముడతపడి ఉబ్బిన పట్టీ ఉంటుంది. దాన్ని గాయపరచకుండా, మొద్దు మిగల్చకుండా, సరిగ్గా దాని అంచు వెంబడే రంపం నడవాలి. అంతకుముందే అడుగు దూరంలో కింది నుంచి ఒక గాటు పెట్టి, ఇంకాస్త అవతల పైనుంచి కోసి బరువు దించకపోతే, కొమ్మ విరుగుతూ మాను బెరడును చీల్చుకుపోతుంది.

జవాబు 2 (బంగారుపాళెం, మామిడి రైతు):
ఈ మాట అన్ని చెట్లకూ వర్తించదు. మా ముదురు తోతాపురి చెట్లు కొమ్మలు పెనవేసుకుని కాపు తగ్గితే, పెద్ద కొమ్మలను మోడు చేసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూశాము. రెండేళ్లు కాపు పోయినా మూడో ఏట కాయ పట్టింది. ముదురు తోటలకు ఈ కత్తిరింపును ఉద్యాన నిపుణులే సిఫారసు చేస్తారు. ఇది తప్పంటారా?

జవాబు 1:
తప్పనను. మీరు ఇగుర్లను వాటి మానాన వదిలేసి ఉండరు. బలమైనవి కొన్ని ఉంచి తక్కినవి తీసేసి, కాండం తొలిచే పురుగును కనిపెట్టుకుని ఉంటారు. కాపు కోసం రైతు ఆ చాకిరీ చేస్తాడు, ఇంటిముందు వేపకు ఎవరు చేస్తారు? తారు సంగతి వేరు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేల మానులను కోసి చూసి, చెట్టు చెడిన కలపను బాగుచేయదని, లోపలే గోడ కట్టి వేరుచేసి పైన కొత్త కలప కప్పుతుందని చూపాడు. పూతలు కుళ్లును ఆపవనీ తేల్చాడు. బోర్డో పేస్టు శిలీంధ్రనాశిని గనుక మామిడికి వద్దనను, వేపకు కావాలనీ అనను.

ప్రశ్న అడిగినవారు:
పొద్దున నిచ్చెన వేసి చూశాను. ఎప్పుడో మొదలుకంటా తీసిన ఒక కొమ్మ గాయాన్ని బెరడు గారె అంచులా చుట్టూ మూసుకుంటూ వచ్చింది. జానెడు మొద్దు వదిలిన రెండో చోట వేలు పెడితే పొడి రాలింది, లోపలంతా చీమలు. ఆ మనిషిని పిలిచి రెండూ చూపించాను. తారు మాట మళ్లీ ఎత్తలేదు గానీ, తాడు కట్టి దించాలంటే ఇంకో మనిషి కూలి అవుతుందన్నాడు. ఒప్పుకున్నాను.