హిజ్రాలకి చర్చిలో అన్నం పెడతాం, మరి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) ఎందుకు ఇవ్వం?

సీమ_సండేస్కూల్_టీచర్:
అందరికీ వందనాలు. మాది రాయలసీమలో ఒక సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చి. కరోనా టైంలో మొదలుపెట్టిన అన్నం ప్యాకెట్లు ఇప్పటికీ పంచుతున్నాం, స్టేషన్ దగ్గరుండే ట్రాన్స్‌జెండర్ వాళ్ళకీ ఇస్తాం, క్రిస్మస్‌కి చీరలు కూడా పెడతాం. వాళ్ళలో ఒకామె కొన్నాళ్ళుగా ఆదివారం ఆరాధనకి వస్తోంది, ఆడవాళ్ళ వైపు వెనక చాప చివర్న కొంగు కప్పుకుని కూచుంటుంది, పుస్తకం చూడకుండానే కీర్తనలన్నీ పాడేస్తుంది. ఎందుకంటే ఆమె ఈ చర్చిలో పెరిగిన బిడ్డే, బాప్తిస్మం, కన్ఫర్మేషన్ అన్నీ ఇక్కడే అయ్యాయి, రిజిస్టర్‌లో అప్పటి మగ పేరు ఇంకా ఉంది. పోయిన సంస్కారం ఆదివారం, అంటే బల్ల ఇచ్చే రోజు, మగవాళ్ళయ్యాక ఆడవాళ్ళ లైన్‌లో ఆమె కూడా లేస్తే ఒక పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి "నువ్వు కూచోమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు. ఆ తర్వాత ఆమె రాలేదు. ఇది తప్పని నా అభిప్రాయం, మీరేమంటారు?

వాక్యమే_ఆధారం:
వందనాలు సిస్టర్. సాయం వద్దని ఎవరూ అనట్లేదు. మెదక్‌లో మిషనరీ పోస్నెట్ దొరగారు కరువులో జనానికి పనిచ్చి అన్నం పెట్టి అంత చర్చి కట్టించారు, 1924 క్రిస్మస్‌కి ప్రతిష్ఠ అయింది. కానీ అన్నం వేరు, బల్ల వేరు. ద్వితీయోపదేశకాండం 23 మొదటి వచనం చదవండి, మర్మాంగం కోయబడినవాడు యెహోవా సమాజంలో చేరకూడదని స్పష్టంగా ఉంది. పైగా సగం కుటుంబాలు లేచి వేరే సంఘానికి పోతే కానుకలు, పాస్టర్ గారి జీతం ఎవరు చూస్తారు?

గుంటూరు_లూథరన్:
కుటుంబాలు పోతాయనే మాట మా తాత కాలంలో కూడా విన్నారంట బ్రదర్, అప్పుడు సంస్కారంలో ఒకే గిన్నెలో మాల మాదిగ అందరూ తాగాలంటే వచ్చిన గొడవ అది.

సీమ_సండేస్కూల్_టీచర్:
వాక్యమే గారూ, ఆ వచనం దగ్గరే ఆగిపోవద్దండి, యెషయా 56 కూడా చదవండి. నపుంసకుడు నేను ఎండిన చెట్టుని అనుకోకూడదని, నా మందిరంలో కొడుకులు కూతుళ్ళ కంటే మంచి పేరు ఇస్తానని దేవుడే అక్కడ చెప్తున్నాడు, మనం రిజిస్టర్‌లో ఒక పేరు మార్చడానికి ఇంత ఆలోచిస్తున్నాం. అపొస్తలుల కార్యాలు 8లో ఐతియొపీయ నపుంసకుడు ఇవిగో నీళ్ళు, నాకు అడ్డేంటి అని అడిగితే ఫిలిప్పు కమిటీకి చెప్పి వస్తానన్నాడా, రథం ఆగగానే అక్కడే బాప్తిస్మం ఇచ్చాడు కదా. ఆడవాళ్ళు బల్ల దగ్గర నిలబడి సంస్కారం ఇవ్వకూడదని కూడా వాక్యం చూపించే ఆపారు, మన సీఎస్ఐలో 1976 నుంచి ఆడవాళ్ళకి గురుత్వ అభిషేకం ఉంది, 2013లో మా పక్కనే నంద్యాల డయోసిస్‌కి (బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) పుష్పలలితమ్మ గారు బిషప్ అయ్యారు, సంఘం ఏం కూలిపోలేదు. తమిళనాడులో ఈవాంజెలికల్ చర్చ్ ఆఫ్ ఇండియాలో భారతి అనే ట్రాన్స్ మహిళ పాస్టర్‌గా సేవ చేశారు. 2014లో సుప్రీంకోర్టు కూడా ఎవరి జెండర్ వాళ్ళే చెప్పుకోవచ్చు అంది. గేటు బయట ప్యాకెట్ ఇచ్చి, లోపలికొచ్చి మోకరిస్తే లేపి పంపించడాన్ని నేను సేవ అనలేను, నాకు చాలా బాధగా ఉంది.

వాక్యమే_ఆధారం:
యెషయా మాట ఒప్పుకుంటా సిస్టర్, దాని మీద ప్రార్థన చేస్తాను. కానీ ఇవాళ బల్ల, రేపు పెళ్ళి చెయ్యమంటే?

సీమ_సండేస్కూల్_టీచర్:
ఆమె పెళ్ళి అడగలేదండి, రొట్టె, ద్రాక్షరసం అడిగింది. ముందు దానికి జవాబు చెప్దాం. పాస్టరేట్ కమిటీకి (చర్చి పెద్దల కమిటీ) లెటర్ రాశాను, బల్లకి అడ్డు పెట్టకూడదు, రిజిస్టర్‌లో ఇప్పటి పేరు రాయాలి, స్త్రీల మైత్రిలో (చర్చి ఆడవాళ్ళ సంఘం) చేర్చుకోవాలి అని. మైత్రిలో కొందరు అమ్మలు సంతకం పెట్టారు, ఆ పెద్దాయన భార్య కూడా పెట్టింది. ఈ శనివారం మేం నలుగురం ఆమె ఇంటికి వెళ్ళి ప్రార్థన చేసి ఆదివారం రమ్మని పిలుస్తాం. మీ చర్చిల్లో ఇలాంటిది ఎవరైనా చేసుంటే కమిటీ వాళ్ళతో ఎలా మాట్లాడారో చెప్పండి.